కళ్ళు తెరవని ముఖం

ఫోన్ పెట్టేసి రూబెన్ ముందు షాపు గాజు తలుపుకు గడియ పెట్టాడు. గడియ పెట్టాక తనే ఆశ్చర్యపోయాడు. నంద్యాల గాంధీచౌక్ సందులో మిట్టమధ్యాహ్నం ఎవరొచ్చి ఏం చేస్తారు? ఫోన్‌లో బెదిరింపు మాట ఒక్కటి కూడా లేదు. ఆళ్ళగడ్డ నుంచి శిల్పి ఆదినారాయణ మాట్లాడాడు, అంతే.

"రేపు పొద్దున శ్రీనివాసులు వాళ్ళమ్మను పిల్చుకోని వస్తాండాడప్పా. ముఖం సరిగా రాలేదంటాడు. ఆయమ్మ ఫోటోలు పెద్దగా చూడాలంటాంది. నీ కంప్యూటరు ఎత్తుకోని రా."

రూబెన్‌ది ఫోటోల షాపు. పెళ్ళి ఆల్బంలతో పాటు ఆళ్ళగడ్డ శిల్పుల పని కూడా చేసేవాడు. చనిపోయినవాళ్ళకు విగ్రహం చేయించుకునే కుటుంబాలు శిల్పులకు తెచ్చిచ్చే పాత ఫోటోలు సగం మాసిపోయి ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, పెద్దవి చేసి ఇస్తే, శిల్పులు వాటిని ఎదురుగా పెట్టుకుని చెక్కుతారు. శ్రీనివాసులు తండ్రి వెంకటస్వామి ముఖం అట్లా తయారైందే. చెక్కడం ముప్పావు వంతు అయినప్పుడు రూబెన్ వెళ్ళి, పోల్చి చూడడానికి ఆ రాతిముఖాన్ని ఫోటో తీసుకొచ్చాడు. కళ్ళు ఇంకా చెక్కలేదు. వాటి చోట ఉడికించి ఒలిచిన గుడ్లలాంటి రెండు నున్నని ఉబ్బులు ఉన్నాయి.

ఆ ఫోటోతో అతను ఇంకో పని చేశాడు. భయమంతా దాని గురించే.

రెండేళ్ళుగా షాపులో పని లేనప్పుడల్లా రూబెన్ ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నాడు. ఒక ఇల్లు. ఇంట్లో ఆడేవాడు కాక ఇంకెవరో ఉంటారు. చూస్తున్నంతసేపు వాడు కదలడు. చూపు తిప్పితే దగ్గరికి వస్తాడు. ఆటకు 'వెనక' అని పేరు పెట్టుకున్నాడు. ఎవరి కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే విధంగా దాన్ని ఒక్క ఫైలుగా కట్టినప్పుడు, ఆ ఫైలు మీద ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ నీలం గుర్తే వచ్చింది. తన బిడ్డకు ఎవరిదో పేరు రాసినట్టు అనిపించింది రూబెన్‌కు. సొంత బొమ్మ పెట్టాలంటే ఒకే బొమ్మను నాలుగు సైజుల్లో చేసి ఇవ్వాలి. వరుసగా పేర్లు చూపించే చోటికి గింజంత, కింది పట్టీకి గోరంత, తెర మీదికి బొటనవేలంత, పెద్ద బొమ్మలుగా చూసేవాళ్ళకు అరచేయంత.

చూడగానే ఒళ్ళు జలదరించే ముఖం కోసం వెతికాడు. అది తన దగ్గరే ఉంది. కనుబొమల కింద నీడ పెంచాడు, గడ్డం కింది నుంచి వెలుగు వేశాడు. ఆటలో తిరిగే మనిషికి అదే ముఖం, ఫైలు మీద అదే ముఖం.

తప్పు చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు. ఫోటో తీసిన రోజు, "ఇది ఆయన మాదిరే ఉందా?" అని అడిగితే ఆదినారాయణ దుమ్ము దులుపుకుంటూ చెప్పిన మాట మనసులో ఉంది.

"కళ్ళు తెరవనంత వరకు అది రాయేప్పా. ఎవురూ గాదు. మనిషి కడాకు, కళ్ళతో వస్తాడు."

చర్చికి పోయే ఇంట్లో పెరిగిన రూబెన్‌కు విగ్రహాల సంగతి తెలియదు. శిల్పి మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. ఎవరూ కాని ముఖాన్ని వాడుకుంటే ఎవరికి కోపం వస్తుంది? అక్క సుజాత మాత్రం చూసి, "ఒరే, ఇది యాడ దొరికిందిరా నీకు? పిల్లోల్లకు చూపించాకు, పక్క తడుపుతారు," అంది. ఆ మాటకు అతను సంతోషించాడు కూడా.

ఇప్పుడు శ్రీనివాసులు వస్తున్నాడు. ఆళ్ళగడ్డలో ఆ పేరు ఎత్తితే అందరూ చెప్పేది ఒకటే. ఇంతకుముందు ఇంకో శిల్పి దగ్గర తండ్రి విగ్రహం చేయించాడు. చూడడానికి వచ్చి, కాసేపు నిలబడి, పక్కనున్న సుత్తి తీసుకుని ముక్కు పగలగొట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పోలిక రాలేదని అనుకున్నారు. పోలిక రాకపోతేనే సుత్తి ఎత్తినవాడు, తండ్రిని దయ్యం చేసి ఆడిస్తున్నారని తెలిస్తే? రూబెన్ మనసు ఆ మనిషికి ఒక్కొక్కటే అమర్చుకుంటూ పోయింది. లావుపాటి మణికట్లు, ఎర్రటి కళ్ళు, మెడలో గొలుసు. అతన్ని ఇంతవరకు చూడనే లేదు.

ఆటను మొత్తం తీసేస్తే సరిపోయేది. చేయి రాలేదు. ఇంకో కాపీ ఎక్కడా లేదు. పైగా తీసేస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే. శిల్పి షెడ్డులో ఆట తెరిచేదెవరు? పైన బొమ్మ మారిస్తే చాలు. నల్లటి నేపథ్యం మీద చిన్న దీపం గీశాడు. గింజంత, గోరంత, బొటనవేలంత. తొందరలో మంట వంకరగా వచ్చింది, అయినా వదిలేశాడు. ఆటను మళ్ళీ ఫైలుగా కట్టి తెర వైపు చూశాడు. ముఖం పోయి దీపం వెలుగుతోంది. అప్పుడు గడియ తీశాడు.

మరుసటి పొద్దున ఆళ్ళగడ్డ బస్సులో ల్యాప్‌టాప్ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. శిరివెళ్ళ దాటాక తూర్పున నల్లమల కొండలు వెంట వచ్చాయి. వాటి వైపు చూస్తుంటే, సంచిలో ఉన్నది తనను చూస్తున్నట్టు అనిపించి చూపు సంచి మీదికి తిప్పుకున్నాడు. భయపెట్టడానికి రెండేళ్ళు కూర్చుని తను కట్టిన సూత్రమే ఇది. అది తన మీదే పనిచేస్తోంది. ఆ సంగతి తెలిసినా భయం తగ్గలేదు. ఆళ్ళగడ్డలో దిగితే రోడ్డు పక్కన సింహాలు, దేవుళ్ళు, ప్లాస్టిక్ పట్టలు కప్పిన నాయకులు వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ళకు కళ్ళున్నాయి. ఆ కళ్ళు ఎందుకో ధైర్యం చెప్పాయి.

షెడ్డులో శ్రీనివాసులు ముందే ఉన్నాడు. సన్నగా, కొంచెం వంగి, ఇస్త్రీ చొక్కాలో బడిపంతులు మాదిరి ఉన్నాడు. రూబెన్ ఊహించినదేదీ అతనిలో లేదు. దాంతో భయానికి పట్టుకునేందుకు పిడి కూడా లేకుండా పోయింది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ళమ్మ శివమ్మ, మందపాటి కళ్ళద్దాలతో. ఎదురుగా నల్లరాతిలో, ఛాతీ వరకు, వెంకటస్వామి.

"నువ్వేనా ఫోటోలాయన?" అన్నాడు శ్రీనివాసులు మెల్లగా.

"అవునన్నా."

"రూబెన్ చేతిలో పడితే సచ్చినోల్లకు గూడా పదేండ్ల వయసు తగ్గుతాదిలే," అని ఆదినారాయణ నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

రూబెన్ ల్యాప్‌టాప్‌ను పనిబల్ల మీద పెట్టాడు. దాని పక్కనే సుత్తి ఉంది. దాన్ని చూడకూడదనుకున్నాడు, చూశాడు. శ్రీనివాసులు చూపు కూడా అటే వెళ్ళింది. తెర వెలిగింది. మూలన దీపం. ఊపిరి వదిలి, విగ్రహాల ఫోటోలు దాచిన ఫోల్డర్ తెరిచాడు. ముసలావిడకు బాగా కనపడాలని అన్నీ పెద్ద బొమ్మలుగా వచ్చేలా మార్చాడు.

మార్చిన క్షణంలోనే తెలిసింది. ఫోటోల మధ్య, అరచేయంత, ఆ ముఖం.

నాలుగో సైజు మార్చలేదు. తెర మీద దీపం చూసిన ఊరటలో అదొకటి ఉందన్న సంగతే మరిచిపోయాడు. తెర మీదున్నది ఆటకు దారి చూపించే గుర్తు మాత్రమే. అసలు ఫైలు, రాతిముఖం తీసుకున్న ఈ ఫోల్డర్‌లోనే కూర్చుని ఉంది.

ఫోల్డర్ మూసేయబోయాడు. అంతకంటే ముందే శివమ్మ వేలు తెరకు ఆనింది.

"ఇదీ. ఈయప్పే."

"అది ఈ రాతి ఫోటోనే గదమ్మా," అన్నాడు శ్రీనివాసులు.

"రాయి ఇట్ల లేదు. ఇది ఆయప్పే."

శ్రీనివాసులు వంగి, బొమ్మ కింద అక్షరాలు చదివాడు. "వెనక. ఏందిది?"

అబద్ధం కోసం వెతికితే నోట్లో నాలుక తప్ప ఏమీ లేదు. "ఆటన్నా. నేను చేసింది."

"మా నాయన ముఖంతో ఆటనా."

ప్రశ్న కాదది. పక్క షెడ్డులో రాయి కోసే మిషన్ ఆగింది.

"తెరువప్పా, చూస్తా," అంది శివమ్మ.

రూబెన్ శ్రీనివాసులు వైపు చూశాడు. అతను తెర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. రూబెన్ వేలు రెండుసార్లు నొక్కింది. తెర నల్లబడి, ఇల్లు వచ్చింది. వంటిల్లు, పొయ్యి, వెనక ఒక వాకిలి. తలుపు దగ్గర ఎవరూ లేరు. పొయ్యి వైపు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. వాకిట్లో ఆ ముఖం నిలబడి ఉంది.

శివమ్మ ఉలిక్కిపడలేదు.

"ఆయప్ప ఇంట్లోకొస్తే సప్పుడుండేది గాదు," అంది, వానల గురించి చెప్పినట్టు. "పొయ్యి కాడ నాకు మెడ మీద వెంట్రుకలు లేసేవి. అట్ల తెలిసేది వచ్చినాడని."

"అమ్మా."

"ఏం, అబద్ధమా? నువ్వు బానల సందులో దూరేటోనివి గదా. ఈపు మీద ఆయప్ప పెట్టిన వాతలు యాడికి పోతాయి?"

దెబ్బ ఇప్పుడు పడుతుందని రూబెన్ మెడ బిగించుకున్నాడు. పడలేదు. తల తిప్పి చూస్తే, శ్రీనివాసులు తెర వైపు లేడు. గోడ దిక్కు తిరిగి, మూలనున్న గోనెసంచులను చూస్తూ నిలబడ్డాడు. చొక్కా వీపు తడిసి అంటుకుంది.

"మూసెయ్‌ప్పా," అన్నాడు. "చాలు, మూసెయ్." యాభై ఏళ్ళ మనిషి గొంతు కాదది.

రూబెన్ మూసేశాడు. వేలు తీస్తుండగా ఆ పగిలిన ముక్కు గుర్తొచ్చింది. ఊరంతా పోలిక రాలేదనుకుంది. ఆ శిల్పి చేతిలో పోలిక బాగానే వచ్చి ఉంటుంది.

"ఆటలో అది దగ్గరికి రాకుండా ఏం చేయాలప్పా?" శివమ్మ అడిగింది.

"చూస్తాండాలమ్మా. చూస్తాన్నంతసేపు కదలడు."

"అంతేనా." ఆమె విగ్రహం వైపు తిరిగింది. "ఈ మాట నాకు అప్పుడెవురూ చెప్పలే." కుర్చీ పట్టుకుని లేచింది. "ఆదినారాయణా, ముఖం సరిగ్గానే ఉండాది. కళ్ళు తెరువు. నేనీడ కూచుంటా."

"కళ్ళు తెరిసేటప్పుడు ఎదురుగ్గా ఎవురూ ఉండకూడదమ్మా. మొదటి చూపు మీద పడితే మంచిది గాదు."

"నేనుంటా."

కుర్చీని తనే విగ్రహం ముందుకు ఈడ్చుకుంది. శ్రీనివాసులు బయటికి నడిచి, కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఆ మనిషి ఇక తనను ఏమీ చేయడని రూబెన్‌కు అర్థమైంది. భయం మాత్రం పోలేదు. నిన్నటి నుంచి దానికి శ్రీనివాసులు అని ఒక పేరు ఉండింది, ఇప్పుడు అదీ లేదు. వెళ్ళిపోవచ్చు. సంచి భుజానికి తగిలించుకున్నాడు కూడా. కాళ్ళు మాత్రం విగ్రహం వెనక్కి వెళ్ళి ఆగాయి. అక్కడైతే కళ్ళు కనపడవు.

ఆదినారాయణ పక్కకు ఒదిగి, సన్న ఉలి అందుకున్నాడు. దెబ్బలు చాలా మెత్తగా పడుతున్నాయి. రాతి తల పైనుంచి రూబెన్‌కు శివమ్మ ముఖం కనపడుతోంది. దుమ్ము లేచి ఆమె కళ్ళద్దాల మీద వాలుతోంది. ఆమె రెప్ప వేయలేదు. చీరకొంగుతో అద్దాలు తుడుచుకోలేదు. ఒక కన్ను అయిందేమో, ఉలి రెండో వైపుకు మారింది. ఆమె పెదవులు ఒక్కసారి బిగుసుకున్నాయి. మళ్ళీ వదులయ్యాయి. చూపు మాత్రం పక్కకు పోలేదు.

తన కళ్ళు మండుతున్నాయని రూబెన్‌కు అప్పుడు తెలిసింది. ఎంతసేపటి నుంచో అతను కూడా రెప్ప వాల్చకుండా ఆ నల్లని రాతి తల వెనకభాగాన్నే చూస్తున్నాడు. నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేయి ఎత్తాడు. తుడుచుకోవాలంటే ఒక్క క్షణం కళ్ళు మూయాలి.

ఎత్తిన చేయి అట్లాగే ఉండిపోయింది.