గునపం నీడ ఏడడుగులు

మా బావకీ నాకూ జరిగిన పోట్లాటలో మొత్తం అయిదు పళ్లు రాలాయి. మూడు ఆయనవి, రెండు నావి. అయిదులో మూడంటే అరవై శాతం. శాతాలు నాకు మా అమ్మాయి ట్యూషన్ టీచరమ్మ నేర్పింది కాబట్టి, గెలిచింది నేనేనని ధైర్యంగా చెప్పగలను.

బావంటే మా ఆవిడ అన్న. ఇద్దరం కలిసి పాత ఫ్యాక్టరీల పొగగొట్టాలు పడగొడతాం. అడుగున ఒక వైపు ఇటుకలు పీకేసి, ఆ ఖాళీలో దుంగలు నిలబెట్టి నిప్పు పెడతాం. దుంగలు కాలి విరిగితే గొట్టం ఆ వైపుకే పడుకుంటుంది. ఎంత దూరం పడుతుందో బావ ఒక కన్ను మూసి చెప్పేవాడు. అలా చెప్పే, ఒకసారి గొట్టాన్ని మా రేకుల షెడ్డు మీద పడేశాడు. నేను అందులోనే ఉన్నాను. మూడు రోజులు ఆ గొట్టంలోంచే అన్నం, నీళ్లు అందించారు.

బయటికొచ్చాక నేరుగా మా అమ్మాయి ట్యూషన్‌కి వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. సంతకం కూడా రాని వాణ్ణి చూసి పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరమ్మ మాత్రం పుస్తకం మూసి నన్ను ఎండలోకి తీసుకెళ్లింది.

"గునపం నిలబెట్టి దాని నీడ కొలువు. గొట్టం నీడా కొలువు. గునపం నీడకి గునపం ఎంతో, గొట్టం నీడకి గొట్టం అంత."

"ఇంత తేలికైనదాన్ని బళ్లో ఎందుకు దాచారు టీచరమ్మా?"

"దాచలేదయ్యా. నువ్వే రాలేదు."

ఆ తర్వాత మాకు దొరికిన పని ఇటుకల ఫ్యాక్టరీ గొట్టం. దాని ముందు ఖాళీ స్థలం, తొంభై అడుగుల అవతల టీచరమ్మ ట్యూషన్ గది. పొద్దున్నే గునపం నీడ కొలిచాం. అయిదడుగుల గునపానికి ఏడడుగుల నీడ. అప్పుడు టిఫిన్‌కి వెళ్లాం. ఖాళీ కడుపుతో గొట్టాన్ని కొలిస్తే అది మనిషిని మింగుతుందని మా పనివాళ్ల భయం. గునపానికి ఆ పట్టింపు లేదు. కడుపు నిండాక వచ్చి గొట్టం నీడ కొలిస్తే నూట అయిదు. ఇటుకలు పేర్చీ తీసీ లెక్కేశాను. ఎత్తు డెబ్భై అయిదడుగులు. గదికి ఇంకా పదిహేనడుగులు మిగులు.

"ఎందుకైనా మంచిది, రేపు ట్యూషన్ మానేయండి" అన్నాను.

"లెక్క నేర్పింది నేను. నేనే నమ్మకపోతే ఎలా?" అంది టీచరమ్మ.

మర్నాడు దుంగలకి నిప్పు పెట్టాం. మంట బాగా అందుకున్నాక మా అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా! ఇప్పుడే నా నీడ కొలిచా. నేనెంతో నా నీడ అంతే ఉంది. నిన్న గొట్టం కొలిచింది ఈ టైమ్‌కే కదా?"

"అవును తల్లీ."

"మరి గొట్టం కూడా దాని నీడంతే ఉండాలి కదా!"

మేం తింటున్నంతసేపూ సూర్యుడు మా కోసం ఆగలేదు. గునపం నీడ తిండికి ముందుది, గొట్టం నీడ తిండి తర్వాతది. గొట్టం ఎత్తు డెబ్భై అయిదు కాదు, నూట అయిదు.

గదిలో పన్నెండుమంది పిల్లలు. తలుపు ఒక్కటే, అదీ గొట్టం వైపే. దుంగలు అప్పటికే ఫెళఫెళమంటున్నాయి. అమ్మాయిని గేటు బయటికి తరిమి సమ్మెట అందుకున్నాను. కుడివైపు ఇటుకలు పగలగొడితే గొట్టం కుడికి తిరుగుతుంది. కాకపోతే కుడివైపు బావ కొత్త లారీ ఉంది.

మొదటి దెబ్బ గోడకి పడగానే రెండో దెబ్బ నా మూతికి పడింది.

"నా లారీ మీద పడేస్తావురా? మా చెల్లెల్ని నీకిచ్చింది ఇందుకేనా?"

"గొట్టం నూట అయిదు బావా! పిల్లలు చస్తారు!"

"నిన్న డెబ్భై అయిదన్నావు! రాత్రికి రాత్రి పెరగడానికి అదేమన్నా గుమ్మడి తీగా?"

మళ్లీ గుద్దాడు. నా పన్ను ఎగిరి, ట్యూషన్ గది కిటికీలోంచి దూరి, నల్లబల్ల మీద రెండంకెల మధ్య అతుక్కుంది. పిల్లలు అది దశాంశ బిందువనుకుని జవాబు మార్చుకున్నారట.

నేను తలతో బావ దవడ మీద పొడిచాను. కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన పార తిప్పి నా పక్కటెముకల మీద కొట్టాడు. ఊపిరి ఆడలేదు. అయినా పాక్కుంటూ వెళ్లి గోడకి ఇంకో దెబ్బ వేశాను. ఆయన నా కాలు పట్టి లాగి, జుట్టు దొరకబుచ్చుకుని ముఖాన్ని ఇటుకలకేసి బాదాడు. కళ్లలోకి నెత్తురు కారింది. చూపు ఆనక చేతికందిన చెయ్యి మెలితిప్పాను. మణికట్టు విరిగింది. నాది కాదు. బావ పులిలా అరిచి, తల వంచుకుని నా పొట్ట మీదికి దూసుకొచ్చాడు. నేను పక్కకి తప్పుకున్నాను.

ఆయన తల నేరుగా కుడివైపు గోడకి తగిలింది. నా సమ్మెటకి లొంగని నాలుగు వరసల ఇటుకలు ఒక్కసారి లోపలికి కూలాయి.

గొట్టం మూలిగింది. బావ చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ పరిగెత్తాను. నూట అయిదడుగుల ఇటుక పెద్ద నిట్టూర్పు విడిచి, కుడికి తిరిగి, లారీ మీద పడుకుంది. లారీ అప్పడమైంది. దుమ్ము తగ్గేసరికి మధ్యాహ్నమైంది.

టీచరమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ బయటికొచ్చింది. పన్నెండుమందీ ఉన్నారు. అప్పుడు మా ఇద్దరి ముఖాలూ చూసి, పడిన గొట్టాన్ని చూసి, మా చేతిలో టేపు పెట్టింది.

"కొలవండి."

వేలాడే దవడతో బావ ఒక కొస, వాచిన కళ్లతో నేను ఒక కొస పట్టుకున్నాం. నూట నాలుగడుగుల చిల్లర.

"లెక్క తప్పింది!" అన్నాడు బావ, రక్తం ఉమ్ముతూ.

"తప్పలేదు బావా. తగ్గింది నీ తల తీసుకున్న నాలుగు వరసలు."

బావ చాలాసేపు గొట్టాన్నీ, లారీనీ, గేటు దగ్గరున్న మా అమ్మాయినీ చూశాడు. తర్వాత మంచి చేత్తో గునపం తీసి నేలలో పాతాడు.

"ఇక మీదట రెండూ ఒకేసారి కొలుద్దాం. తిండి ఆ తర్వాతే" అన్నాడు.

ఎలాగూ ఆయన ఆరు వారాలు ఏమీ నమల్లేడు.