సున్నం పని అయిపోయిన నాడు

నోరు మూసుకుని కూర్చోవడానికి మనుషులు పట్నం నుంచి డబ్బులు కట్టి మరీ వస్తారంటే హన్మమ్మ మొదట నమ్మలేదు. ఊరుకోవడం కూడా ఒక పనేనా అని మొగుడు పెంటయ్య ముందర కడుపుబ్బ నవ్వింది. పెంటయ్య మాత్రం నవ్వలేదు. ఈమె ఒక్క గంట ఊరుకుంటే తానైనా ఏదో ఒకటి ఇచ్చుకుందునే అని అతని బాధ.

ఈ ముచ్చట నడిచింది వనపర్తికీ గద్వాలకూ మధ్య, ఒక రాతిగుట్ట పక్కనున్న జంగమ మఠంలో. మఠం నడిపిన అయ్యవార్లు ఉన్న రోజుల్లో దారిన పోయేవాళ్లకు అక్కడ ఇంత అన్నం, పడుకోవడానికి ఇంత నీడ దొరికేవట. తర్వాత అయ్యవార్లు లేరు, అన్నమూ లేదు. కప్పు కూలింది, గోడల్లో రావి మొక్కలు మొలిచాయి, గబ్బిలాలు కాపురం పెట్టాయి. ఆ వంశంలో మిగిలిన శైలజ వనపర్తి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉండక, ఉద్యోగం మానేసి, మఠాన్ని మళ్లీ నిలబెడతానని వచ్చి కూర్చుంది. అలసిపోయిన మనుషులు నాలుగు రోజులుండి, జొన్నరొట్టె తిని, సెల్‌ఫోన్ పక్కన పెట్టి, నిమ్మళంగా నిద్రపోయే చోటు చేస్తానంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమెకు పిచ్చి పట్టిందని తేల్చేశారు. తేల్చడానికి వాళ్లకు ఎక్కువసేపు పట్టలేదు.

పనికి మనుషులు కావాలంటే మేస్త్రి బుచ్చన్న తిమ్మాజిపేట వైపు నుంచి నాలుగు జంటలను తెచ్చాడు. వాళ్లలో హన్మమ్మా పెంటయ్యా ఉన్నారు. పెళ్లయిన దగ్గర్నుంచి మూటాముల్లే కట్టుకుని పూణె, బొంబాయి, బెంగళూరు తిరిగినవాళ్లు. ఎంత ఎత్తు భవంతులైనా వాళ్లకు కొత్త కాదు. ఇక్కడి పని తీరే కొత్త. శైలజ సిమెంటు బస్తాను మఠం దరిదాపులకు రానివ్వలేదు. పాత గోడకు పాత సున్నమే పట్టించాలంది. సున్నం, ఇసుక గానుగలో నలగాలి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలవాలి, పూసిన పూత దానికి ఇష్టమైనప్పుడు ఆరాలి. అది ఆరేదాకా అందరూ ఆగాల్సిందే, శైలజతో సహా.

పనిచోట 'జల్దీ, జల్దీ' అనే అరుపు లేకుండా ఏడాది గడవడం హన్మమ్మ తన జన్మలో ఎరగదు. శైలజ తానే కొంగు దోపి గానుగ దగ్గర నిలబడేది. చేతులు పొక్కితే నూనె రాసుకుని మళ్లీ వచ్చేది. ఎక్కడైనా పూత ఊడిపడితే గోడను తిట్టేది గానీ మనిషిని తిట్టేది కాదు. ఇలాంటి మనిషిని హన్మమ్మ ఏ ఊళ్లోనూ చూడలేదు. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు గానీ పెంటయ్యతో మాత్రం రోజూ అనేది.

హన్మమ్మ మనసులో ఒక కోరిక ఉండేది. తాను కట్టిన ఇంట్లోకి, పనంతా పూర్తయ్యాక ఒక్కసారి పోయి కూర్చోవాలని. ఇన్నేళ్లలో అది జరగలేదు. గోడలు లేచేదాకా ఇల్లు కూలీలది, రంగులు పడ్డాక ఓనర్లది. పూణెలో ఒకసారి ఆశ ఆపుకోలేక, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తాము కట్టిన పెద్ద అపార్టుమెంటు చూడబోయింది. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, నలుగురూ చూస్తుండగా పొమ్మన్నాడు. ఆ రోజు హన్మమ్మ ఒట్టు పెట్టుకుంది. ఎక్కడైనా సరే, పొమ్మని అనిపించుకోకముందే పోవాలి. సున్నం పని అయిపోయిందంటే మూట కట్టడమే.

మఠానికి ఆఖరి పూత ఆరింది. లోపల గదులు చల్లగా, తెల్లగా, చూస్తే కళ్లు నిండేటట్టు ఉన్నాయి. శైలజ కూలి లెక్కలన్నీ తేల్చేసింది. ఆ సాయంత్రమే ఒక వ్యాను వచ్చి కొత్త పరుపులు, దిండ్లు, తెల్లటి దుప్పట్లు దింపింది. శైలజ పెంటయ్యను పిలిచి, రేపు మొదటి అతిథులు ఉంటారని, పొద్దున్నే బావి పక్కన కూలీలు వేసుకున్న గుడిసెలు తీసేయాలని చెప్పింది. చెప్పి, నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ నవ్వు పెంటయ్య చూశాడు గానీ దాన్ని గురించి ఆలోచించలేదు. హన్మమ్మ చెవికి గుడిసెలు తీసేయాలన్న మాట ఒక్కటే ఎక్కింది.

తెల్లవారగానే గుడిసెలు విప్పారు. హన్మమ్మ ఆ జాగా అంతా ఊడ్చి, పొయ్యి రాళ్లు కూడా తీసి పక్కన పెట్టింది. శైలజ వంటింట్లో ఏదో పనిలో ఉంది. ఒక్క మాట చెప్పి పోదామన్నాడు పెంటయ్య.

"చెప్పబోతె ఆమె పోయి రాండ్రి అంటది. ఆ మాట ఆమె నోట్లకెళ్లి నాకు వినబుద్ది అయితలేదు" అంది హన్మమ్మ.

అందరూ మూటలతో రోడ్డు మీదికి వచ్చి వనపర్తి బస్సు కోసం కూర్చున్నారు. పూణెలో ఇంకో పని ఉందని బుచ్చన్న చెబుతున్నాడు. ఎవరూ వినడం లేదు.

బస్సు కంటే ముందు శైలజ స్కూటీ వచ్చింది. చేతులకు జొన్నపిండి ఉంది, జుట్టు ముడి ఊడిపోయింది. ఎక్కడికి పోతున్నారని అడిగింది. ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

హన్మమ్మ తలెత్తకుండా, "పని అయిపాయె గదమ్మా. అతిథులొస్తరు, మేమెందుకు నడుమ?" అంది.

"అతిథులు మీరే అక్కా."

తర్వాత శైలజ గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. తాతల నాడు మఠంలో ఒక కట్టుబాటు ఉండేదట, ఎవరు ఎక్కువ అలసిపోయి వస్తే వాళ్లకే ముందు చోటు. ఇన్నాళ్లకు మళ్లీ తలుపులు తెరుస్తూ పట్నంవాళ్లను ముందు పిలిస్తే ఆ కట్టుబాటు తప్పినట్టే. పరుపులు వీళ్ల కోసమే. గుడిసెలు తీయమన్నది వీళ్లను లోపలికి మార్చడానికే. నాలుగు రోజులు వీళ్లు ఏ పనీ ముట్టకూడదు, వంట తానే చేస్తుంది. ముందే చెబితే సంతోషం పలచబడుతుందని దాచింది.

చదువుకున్నవాళ్లకు ఇలాంటి సరదాలు ఎక్కడ నుంచి పుడతాయో దేవుడికే తెలియాలి. హన్మమ్మకు ఒళ్లు మండింది. మనుషులను ఇలా పరేషాన్ చేస్తారా, ముందు చెప్పొద్దా అని నలుగురి ముందూ కడిగేసింది. శైలజ తల వంచుకుని, తప్పేనంది. అప్పుడు హన్మమ్మ లోపల ఎన్నాళ్లుగానో ఉన్న అసలు మాట బయటికి వచ్చింది.

"అలసినోళ్లకు ముందు చోటంటున్నవ్. మా అవ్వ గీ దిక్కు కూలికి వచ్చిననాడు మీ మఠంల అన్నం పెట్టిండ్రు. కానీ అరుగు కిందనే పెట్టిండ్రు. పైకి రానియ్యలె."

శైలజ ముఖం పక్కకు తిప్పుకోలేదు. "నాకెరుకే అక్కా. కూలిన కప్పు ఒక్కటి బాగుజేస్తె మఠం బాగుపడదు. అందుకే మొదలు మీరు రావాలె" అంది.

వనపర్తి బస్సు వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. ఎవరూ లేవకపోయేసరికి విసుక్కుంటూ వెళ్లిపోయింది.

మఠం గుమ్మం దగ్గర శైలజ చెంబుతో నీళ్లు తెచ్చి, చుట్టానికి ఇచ్చినట్టు, కాళ్లు కడుక్కోమని హన్మమ్మ చేతికిచ్చింది. ఆమే ముందు పోవాలని మిగతావాళ్లు వెనకే నిలబడ్డారు. హన్మమ్మ కాళ్లు కడుక్కుని, గడప మీద కాలు పెట్టబోయి ఆగింది. కుడిచేయి దానంతటదే నెత్తి మీదికి లేచింది. ఏడాదిగా ఆ గడప ఎన్నిసార్లు దాటిందో లెక్కలేదు. ప్రతిసారీ నెత్తిన సున్నం తట్ట, దాన్ని పట్టుకుని ఆ చేయి. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. ఉత్త జుట్టు మీద చేయి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఏమైందే అని పెంటయ్య కంగారుపడ్డాడు.

"ఏం లేదు. నెత్తి మీద ఏం లేకుంటె లోపటికి ఎట్ల పోవాల్నో తెలుస్తలేదు" అంది హన్మమ్మ. నవ్వుతూనే అంది గానీ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

శైలజ ఆ చేయి అందుకుని మెల్లగా కిందికి దించింది. విడిచిపెట్టకుండా, అలాగే పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.