15,640 మీద గౌరీశ్వరి

వైశాఖం మొదటి సోమవారం పొద్దున ఎనిమిదింబావుకి, గిడిజాల లోకనాథం భార్య గొంతు ఆవిడ నోట్లోంచి రేడియోలోకి మారింది.

ఆ సమయానికి లోకనాథం చీపురుపల్లిలోని తన ఇంటి ముందుగదిలో కూర్చుని ఫ్రీక్వెన్సీలు ఎక్కించుకుంటున్నాడు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఖాళీగా ఉండలేక రేడియో పట్టుకున్నాడు. ఇప్పుడు కళింగ రేడియో శ్రోతల సంఘం జాబితా అంతా ఆయన చేతిలోనే ఉంది. ఏ దేశపు స్టేషను ఏ వేళకి ఏ అంకె మీద దొరుకుతోందో, ఏ భాషలో మాట్లాడుతోందో, ఎంత బాగా వినబడుతోందో నలభై ముగ్గురు సభ్యులు కార్డు ముక్కల మీద రాసి పంపుతారు. ఆయన వాటిని కంప్యూటరులోని డేటాబేసులో, స్టేషనుకి ఒక వరస చొప్పున, రెండు వేళ్లతో కొట్టి పెడతాడు.

గౌరీశ్వరి టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెదాలు కదిలించింది. ఏమీ వినబడలేదు. ఆయన రెండు గుక్కలు తాగాక, పక్కనున్న రేడియో "పంచదార తక్కువేశాను, చూసుకోండి" అంది.

లోకనాథం డయలు వంక చూశాడు. ముల్లు 15,640 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది. పక్కకి జరిపాడు, గొంతు పోయింది. మళ్లీ తెచ్చి పెట్టాడు, వచ్చింది. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"నీ గొంతు ఇందులోంచి వస్తందేటి?" అని అడిగాడు.

ఆవిడ పెదాలు కదిలాయి. రెండు గుక్కల తరవాత జవాబు వచ్చింది. "నాకేటి తెలుసండి? అవన్నీ చూసేది మీరే కదా."

అదీ నిజమే అనిపించింది. కొత్త వరస తెరిచాడు. స్టేషను పేరు గౌరీశ్వరి, భాష తెలుగు, సిగ్నలు ఐదుకి నాలుగు. దేశం అన్న గడి దగ్గర భారతదేశం అని కొడితే సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు. ఆ స్టేషను అక్కడ లేదంది. చీపురుపల్లి అని కొట్టాడు. అక్కడా లేదంది. ఏం చెయ్యాలో తోచక గడి ఖాళీగా వదిలేశాడు. ఖాళీని దేశంగా ఒప్పుకుని భద్రం చేసుకుంది.

ఇక ఆవిడతో మాట్లాడేటప్పుడు ఎటు చూడాలన్నది ఆయనకి పెద్ద చిక్కైపోయింది. ముఖం చూస్తే మాట ఉండదు. రేడియో చూస్తే మనిషి ఉండదు. రెంటికీ మధ్య గోడ మీద ఒక మేకు ఉంది. ఎక్కువగా దాన్నే చూస్తూ గడిపాడు.

మంగళవారం సాలూరు నుంచి సంఘం కార్యదర్శి దాలినాయుడు ఫోను చేశాడు.

"సార్, కొత్త స్టేషనొకటి దొరికిందండి. ఏ దేశమో తెల్లేదు. ఆడమనిషి మాటాడతంది. చింతపండు పురుగు పట్టకండా ఎలాగుంచాలో చెప్తంది. మా ఇంటోళ్లంతా పనులు మానేసి కూకున్నారు."

"ఏ అంకె మీద?"

"15,840 అండి."

లోకనాథం ముల్లు జరిపి చూశాడు. నిజమే, రాత్రికి రాత్రి రెండు వందలు పైకి జరిగింది. వరస దిద్దాడు. ఆ స్టేషను మా ఇంటావిడేనని దాలినాయుడికి చెప్పాలనుకున్నాడు గాని, చెబితే ఏ గడిలో రాసుకోవాలని అతను అడుగుతాడేమోనని ఊరుకున్నాడు.

బుధవారానికి 16,040. ఆ రోజు నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. సంఘం చిరునామా లోకనాథం ఇల్లే కాబట్టి పోస్టుమాన్ ఎర్రయ్య వాటిని గోనెసంచిలో తెచ్చి గడపలో దింపాడు. గౌరీశ్వరి గోడకి చేరగిలబడి ఒక్కొక్కటీ విప్పి చదువుకుంది. తరవాత పెదాలు కదపసాగింది. రేడియోలో ఆవిడ పార్వతీపురం నుంచి ఒక లైన్‌మేను రాసిన ఉత్తరానికి జవాబు చెబుతోంది. అతని తల్లి పేరు అతనికి గుర్తు రావడం లేదట. "స్తంభం దిగాక అడగండి, పైనున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు" అంది. ఆ మాట లోకనాథానికి అర్థం కాలేదు. అయినా మర్నాడు లైన్‌మేను గుర్తొచ్చిందని కార్డు రాశాడు.

గురువారం ఒక ఉత్తరానికి ఆవిడ ఒడియాలో జవాబు చెప్పింది.

లోకనాథం చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తడుముకోకుండా, నవ్వుతూ, పావుగంట సేపు మాట్లాడింది. ఆయన మేకుని వదిలేసి భార్య ముఖంలోకి చూశాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం. ఆవిడకి ఒడియా వచ్చని ఆయనకి తెలియదు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు.

ఆవిడ ఏదో అంది. రెండు గుక్కలు, నాలుగు గుక్కలు, గ్లాసంతా అయిపోయింది. రేడియోలో ఆయన ప్రశ్నకి జవాబు రాలేదు. మరెవరి ఉత్తరానికో వచ్చింది. ఇప్పుడా స్టేషనులో ఉత్తరాలు రాసినవాళ్లకే సమయం.

ఆయన భాష గడిలో తెలుగు పక్కన ఒడియా అని చేర్చాడు. చేర్చి, చాలాసేపు ఆ రెండు మాటల వంకా చూశాడు. తన జాబితాలో నాలుగు వేల స్టేషన్లున్నాయి. దేని గురించి అడిగినా చూడకుండా చెప్పగలడు. ఈ ఒక్క వరస మాత్రం ఎవరో వచ్చి తన కంప్యూటరులో కొట్టి వెళ్లినట్టు ఉంది.

ఆదివారం ఆయన కూడా ఒక కార్డు తీశాడు. అందరు శ్రోతలూ రాసినట్టే పద్ధతిగా రాశాడు. ఫ్రీక్వెన్సీ 16,840. వేళ ఉదయం తొమ్మిది. సిగ్నలు ఐదుకి ఐదు. కింద, 'అమ్మా, మీరు ఒడియా ఎక్కడ నేర్చుకున్నారు? దయచేసి తెలుపగలరు. ఇట్లు, లోకనాథం, చీపురుపల్లి' అని రాసి, ఎదురుగా బియ్యం ఏరుకుంటున్న భార్య చేతికిచ్చాడు.

ఆవిడ కార్డు తిప్పి చూసి, స్టాంపు అంటించాల్సిన చోటు వేలితో చూపించి తిరిగిచ్చేసింది.

ఆయన చొక్కా తొడుక్కుని బజారుకి వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు. మంగళవారం ఎర్రయ్య దాన్ని తెచ్చి ఆవిడకే ఇచ్చాడు. ఆ పూట ముల్లు 17,240 మీద పెట్టుకుని లోకనాథం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"చీపురుపల్లి నుంచి లోకనాథం గారు రాస్తున్నారు" అంది రేడియో. "పర్లాకిమిడిలో మా అమ్మమ్మ ఇంట్లో నేర్చుకున్నానండి. పదకొండేళ్లు వచ్చేదాకా నాకు తెలుగు కంటే అదే బాగా వచ్చేది. పెళ్లయిన కొత్తలో మా ఆయనకి ఒకసారి ఒడియాలో కథ చెప్పబోయాను. అప్పుడాయనేదో లెక్క సరిచూసుకుంటున్నారు. తరవాత చెప్పలేదు. కార్డు రాసినందుకు సంతోషం. అక్షరం బాగుంది."

ఎదురుగా ఆవిడ బియ్యంలోంచి రాయి తీసి పారేసింది.

లోకనాథానికి ఆ లెక్క ఏ లెక్కో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అది గుర్తు రాకపోవడమే తప్పా, అప్పుడు వినకపోవడం తప్పా, అదీ తేల్చుకోలేకపోయాడు. కిటికీ దగ్గరకి వెళ్లి నించున్నాడు. వెంటనే తిరిగి వచ్చి కూర్చున్నాడు.

బుధవారం పొద్దున ఆయన రేడియో మీదికి వంగి డయలు గాజు కొలిచాడు. అంకెలు 18,000 దగ్గర ఆఖరవుతాయి. అవతల రేడియో నల్లటి ప్లాస్టికు అంచు. రోజుకి రెండు వందల లెక్కన శనివారానికి ఆవిడ గాజు దాటిపోతుంది. అప్పుడెక్కడ వినాలి?

దాలినాయుడికి ఫోను చేసి మొత్తం చెప్పేశాడు. దాలినాయుడు ఆశ్చర్యపోలేదు.

"వరస కొట్టేయండి సార్. జాబితాలో లేని గొంతు గాల్లో నిలవలేదు, తిరిగి నోట్లోకి వచ్చేస్తాది. మా ఊళ్లో ఒక గుమస్తా దగ్గు అలాగే ఎలిపోయింది. కొట్టేసేం. సాయంత్రానికి దగ్గీసేడు."

"వచ్చింది ఆయన దగ్గేనా?"

"అది మేం చూసుకోలేదండి" అన్నాడు దాలినాయుడు.

లోకనాథం కర్సరుని ఆ వరస మీద నిలిపి, తీసివేయి అన్న మీట నొక్కాడు. సాఫ్ట్‌వేరు అడిగింది. దీనికి ముడిపడి ఉన్న మిగతా వరసలు కూడా పోతాయి, సరేనా? ఆయన వాటిని తెరిచి చూశాడు. అవి ఆయన ఎక్కించినవి కావు. పర్లాకిమిడి, ఒక అమ్మమ్మ, స్తంభం దిగిన లైన్‌మేను, పురుగు పట్టని చింతపండు, ఇంకా ఎన్నో ఉన్నాయి. అడుగున లోకనాథం అని కూడా ఉంది. దానికెదురుగా ఫ్రీక్వెన్సీ గడిలో ఏమీ లేదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో కార్డు తీసి, 'శనివారానికి మీరు డయలు దాటిపోతారు. వరస కొట్టేస్తే ఇంటికి వచ్చేస్తారని అంటున్నారు. కొట్టెయ్యమంటారా? మీకేం కావాలో తెలుపగలరు' అని రాశాడు. ఈసారి ఆవిడకి చూపించలేదు. తిన్నగా వెళ్లి డబ్బాలో వేశాడు.

శుక్రవారం 17,840. సిగ్నలు పలచబడింది. మాటల వెనక ఎక్కడో ఎవరో చేటతో చెరుగుతున్న చప్పుడు.

"లోకనాథం గారు నాకేం కావాలని అడిగారు" అంది గౌరీశ్వరి గొంతు. "కొట్టెయ్యకండి. ఇక్కడ మాట ఎంత దూరమైనా పోతంది, బాగుంది. ఎవరి మీదా కోపం లేదు. కానండి, రేపు ఆ అంకెలు లేని చోటికి ఒక్కదాన్నే ఎలాగెళ్లడమా అని భయంగా ఉంది."

లోకనాథం లేచి వెళ్లి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి. ఆయన ఏమీ అడగలేదు. కార్డు రాయలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

శనివారం పొద్దున్నే ఆయన కంప్యూటరు తెరిచి ఫ్రీక్వెన్సీ గడిలో 18,040 అని కొట్టాడు. రేడియోలో అంత అంకె లేదని సాఫ్ట్‌వేరుకి తెలియదు. ఒప్పుకుంది.

రేడియోలో ముల్లు కదిలింది. గాజు చివరికి వచ్చి ఆగలేదు. ప్లాస్టికు అంచు దారిచ్చింది. ఎర్రటి సన్నటి ముల్లు పొడుగవుతూ బల్ల మీదుగా, కిటికీ చువ్వల మధ్యగా, వీధిలోకి సాగింది.

గౌరీశ్వరి లేచి అన్నం గిన్నె మీద మూత పెట్టింది. చెప్పులేసుకుంది. లోకనాథం తలుపు గొళ్లెం పెట్టి ఆవిడ వెనకే బయల్దేరాడు.

ముల్లు నడుమెత్తులో, బట్టలారవేసే తీగలా, బజారంతా ఉంది. కూరల వాళ్లు వంగి దాని కింద నుంచి అటూ ఇటూ వెళ్తున్నారు. రైలు గేటు దగ్గర గూడ్సు బండి ఆగి ఉంది. గేటు మనిషి వెదురు గెడతో ముల్లుని పైకెత్తి పట్టుకుని బండిని కింద నుంచి పంపించాడు.

"ఎంతవరకు పోయింది బాబూ ఇది?" అని లోకనాథం అడిగాడు.

"ఇప్పుడే వచ్చి పోతానే ఉందండి. ఆ ఆడకూతురు నడిస్తే ముందుకెల్తంది, ఆగితే ఆగతంది" అన్నాడు గేటు మనిషి.

లోకనాథం ముల్లుకి చెవి ఆనించాడు. సన్నగా గౌరీశ్వరి గొంతు వినబడింది. ఒడియాలో ఏదో చెబుతోంది. కథలాగుంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా చెవి తియ్యకుండా, పక్కవాటుగా అడుగులేస్తూ నడిచాడు. అర్థం కాని చోటల్లా 'ఊ' అన్నాడు. ప్రతి 'ఊ'కీ ముందు నడుస్తున్న ఆవిడ అడుగు కొంచెం నెమ్మదించింది. చివరికి ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు.

ఊరు దాటాక పాత మాంగనీసు గని గొయ్యి వచ్చింది. ఎన్నాళ్లుగానో పని ఆగిపోయిన గొయ్యి. ముల్లు దాని అంచున వంగి లోపలికి దిగింది. కింద మెట్లుమెట్లుగా తవ్విన నల్లటి గట్ల మీద వందల మంది కూర్చుని ఉన్నారు. ముసలివాళ్లూ, నడివయసువాళ్లూ, ఒడిలో అల్లికా సూదులూ పెట్టుకున్న వాళ్లూ. ఎవరి మాటా వినబడటం లేదు, పెదాలు మాత్రం గౌరీశ్వరి పెదాల్లాగే కదులుతున్నాయి. ఎవరి ముఖంలోనూ దిగులు లేదు.

"వీళ్లంతా ఎవరు?" అన్నాడు లోకనాథం.

దగ్గరి గట్టు మీదున్న ముసలాయన పక్కకి జరిగి, ఇద్దరికి సరిపడా చోటు చేతితో దులిపాడు.

గౌరీశ్వరి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగి కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుని దింపింది. రాయి ఎండకి వేడెక్కి ఉంది. ముల్లు కొన వాళ్ల పాదాల దగ్గర నేలని తాకి ఆగింది.

అప్పుడు వాన మొదలైంది. అది కింది నుంచి పైకి కురిసింది. గొయ్యి అడుగున నేల బీటల్లోంచి నల్లటి చినుకులు లేచాయి. తొందరేమీ లేకుండా, ఒక్కో గట్టూ ఎక్కుతూ వచ్చాయి. ఒక్కో చినుకూ ఒక్కో మనిషి దగ్గర ఆగి, మోకాలి మీదికి పాకి, ఒళ్లో సర్దుకుని కూర్చుంది. గౌరీశ్వరి ఒళ్లోకి వచ్చినది వెచ్చగా, పిల్లి కూనంత ఉంది, లోపలి నుంచి ఆవిడ గొంతే ఒడియా కథ చెబుతోంది. ఆవిడ దాని మీద పమిట కొంగు కప్పింది.

లోకనాథం ఒడి చాపి ఎదురుచూశాడు. చివరి చినుకు ఆయన ముందు గాలిలో నిలబడింది. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. తరవాత మెల్లగా రెండు రెక్కలు విప్పి, లోపల ముడుచుకుని పడుకున్న ఒక చిన్న రైల్వే ప్లాట్‌ఫారాన్నీ, దాని మీద ఒంటరిగా నిలబడి చెయ్యి ఊపుతున్న గేదెనీ ఆయనకి చూపించింది. తాను ఊ కొడుతూ వచ్చిన కథ ఇదేనని ఆయనకి అప్పుడు అర్థమైంది.