నాలుగో ముఖం

మా ల్యాబ్ లోపలి గదిలోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. రక్తం చుక్కలున్న స్లైడ్లు ముట్టుకునే చేతులు ఫోను ముట్టుకోకూడదని నియమం. అందుకని తలుపు బయట, నా బల్ల మీద, ఎనిమిది గళ్ల చెక్క ట్రే ఒకటి ఉంటుంది. లోపల పనిచేసే ఎనిమిది మందీ పొద్దున్నే ఫోన్లు అందులో పెట్టి, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని వెళ్లిపోతారు. శాంపిల్సు తీసుకునే కిటికీ దగ్గర కూర్చునేది నేను. ఆ విభాగానికి పెద్దనూ నేనే, ట్రేకి కాపలాదారునూ నేనే.

ఎవరికైనా ఇంటి నుంచి ఫోనొస్తే నేను ఎత్తుతాను. అవసరమైతే అద్దం మీద తట్టి పిలుస్తాను. అందుకోసం అందరూ తమ ఫోను తాళం అంకెలు నాకు చెప్పి ఉంచారు. ఎక్కడా రాసుకోలేదు, గుర్తుపెట్టుకున్నాను. మా ఆవిడ పోయాక ఇంట్లో నన్ను నమ్మి ఏదైనా అప్పగించే మనిషి లేదు. ఇక్కడ రోజూ ఎనిమిది మంది అప్పగించేవారు. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

పోయిన ఏడాది ఆఫీసు వాళ్లు అందరి ఫోన్లలో ఒక యాప్ వేయించారు. పని ఒత్తిడి తగ్గడానికి, నిద్ర బాగా పట్టడానికి. తెరవగానే అది "రాత్రి ఎలా నిద్రపోయారు?" అని అడుగుతుంది. కింద ఐదు ముఖాలుంటాయి. మొదటిది ఏడుస్తూ, ఐదోది పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. ఏదో ఒకటి నొక్కితేగాని ముందుకు కదలదు. నొక్కాక ఒకావిడ గొంతు పది నిమిషాల పాటు ఊపిరి పీల్చమనీ, వదలమనీ నెమ్మదిగా చెబుతుంది.

నాకు అది పనిచేసింది. ఆ మాట దాచడం న్యాయం కాదు. మా ఆవిడ చివరి నెల రోజులూ నేను పక్కన కూర్చుని ఆమె ఊపిరి లెక్కపెట్టాను. ఆమె పోయినా ఆ లెక్క నాలో ఆగలేదు. పడుకుంటే చాలు, చీకట్లో మరొకరి ఊపిరి కోసం చెవులు రిక్కించేవాణ్ని. యాప్‌లో ఆవిడ నా ఊపిరిని నన్నే లెక్కపెట్టుకోమంది. పది రోజులు తిరిగేసరికి దిండు చల్లగా చెంపకు తగలడం, మళ్లీ కళ్లు తెరిస్తే కిటికీలో వెలుతురు ఉండటం మొదలైంది. మూడేళ్ల తర్వాత దొరికిన నిద్ర అది.

లోపలి వాళ్లకి మాత్రం ఆ పది నిమిషాలు ఎక్కడివి? ఇంట్లో వంటా పిల్లలూ, ఇక్కడ గుట్టలుగా స్లైడ్లు. మేనేజరు మాత్రం మూడు నెలలు ఒక్క రోజూ తప్పకుండా ధ్యానం చేసిన విభాగానికి విశ్రాంతి గదిలోకి రెండు పడక కుర్చీలు ఇస్తానన్నాడు.

"చూశారా గురువుగారూ," అన్నాడు రేడియో. తెరిచిన నోరు మూయడు కాబట్టి అతనికి ఆ పేరు. "ఊపిరి పీల్చుకోడానికి టైము లేదు బాబోయ్ అంటే, ఊపిరి పీల్చుకోడానికి ఓ యాప్ ఇచ్చారు. ఆకలేస్తోందంటే పళ్లపొడి ఇచ్చినట్టుంది!"

"కుర్చీలైతే బావుంటాయి కదా," అంది చెల్లాయి. ఆమె నా తోడబుట్టింది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నన్ను అన్నయ్యా అంది, అప్పటి నుంచి నాకు చెల్లాయే. "మధ్యాహ్నం పావుగంట నడుం వాల్చినా చాలు నాకు."

ఆ మాట కోసమే చేశాను. అలాగని నాకు నేను చెప్పుకున్నాను.

అందరూ తొమ్మిదింటికి లోపలికి వెళతారు. కిటికీ తెరిచేది తొమ్మిదిన్నరకి. మధ్యలో ఖాళీగా ఉన్న ఆ కాసేపట్లో, సరిగ్గా తొమ్మిదీ పదికి, ఎనిమిది ఫోన్లూ వరసగా తెరిచి యాప్ మొదలుపెట్టేవాణ్ని. ఒకే గొంతు ఎనిమిది ఫోన్లలోంచి, ఒకదాని తోక పట్టుకుని ఒకటి, "ఊపిరి లోపలికి... లోపలికి... లోపలికి..." అనేది. ఎదురుగా పీల్చేవాడు ఒక్కడూ లేడు. అద్దం అవతల వాళ్లంతా మైక్రోస్కోపుల మీదికి వంగి ఉండేవారు. సంగతి తెలిసి అందరూ నవ్వారు. రేడియో అయితే, "మా వాటా ఊపిరి కూడా మీరే పీల్చేయండి గురువుగారూ," అన్నాడు.

వాళ్లకు తట్టనిది ముఖాల సంగతి. ముఖం నొక్కితేగాని గొంతు మొదలవదు కదా. నాలుగోది నొక్కేవాణ్ని, చిన్నగా నవ్వేది. ఐదోది నొక్కితే ఎవరూ నమ్మరని. అంత ఆలోచించాను.

ఒక రోజు చెల్లాయి ఫోను ముందురోజు సాయంత్రం నుంచీ ట్రేలోనే ఉంది, మర్చిపోయి వెళ్లింది. మామూలుగానే తొమ్మిదీ పదికి దానికీ నాలుగో ముఖం నొక్కాను. పదింటికి ఆమె వచ్చింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పాపకి జ్వరం అన్నయ్యా. తెల్లవార్లూ భుజం మీదే. కింద దించితే ఏడుపు."

"అయ్యో, సెలవు పెట్టకపోయావా?"

"మా అత్తగారొచ్చారు, కూర్చున్నారు. సెలవు పెడితే రేపటికి రెండింతలు పేరుకుంటాయిగా."

ఒకసారి నొక్కిన ముఖాన్ని మళ్లీ మార్చడానికి వీల్లేదు. టీ తెప్పించి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఆవిరిని కళ్లకు తగలనిచ్చి లోపలికి వెళ్లింది. టీ ఇచ్చాను కదా అనుకున్నాను.

మూడు నెలలకు పడక కుర్చీలు వచ్చాయి. వాటితో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. మా విభాగంలో ఒత్తిడి అందరికంటే తక్కువనీ, సిబ్బంది హాయిగా నిద్రపోతున్నారనీ, కాబట్టి ఒక మనిషిని ఇంకో శాఖకు పంపుతున్నామనీ అందులో ఉంది. ఆ మనిషి పంతులమ్మ. ప్రతి స్లైడునూ చెల్లాయి చూశాక ఆమె రెండోసారి చూసి, తప్పుంటే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది. అందుకే ఆ పేరు. పంతులమ్మ పెన్ను సర్దుకుని వెళ్లిపోయింది. చెల్లాయి ఒక్కతే మిగిలింది. కుర్చీల్లో కూర్చునే తీరిక ఎవరికీ లేదు. వాటి మీద మా కోట్లు ఆరేసుకునేవాళ్లం.

ఆ కాగితం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మేనేజరు దగ్గరికి రెండుసార్లు బయల్దేరి, మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మర్నాడు మళ్లీ తొమ్మిదీ పదికి ఫోన్లు తెరిచాను. ఏడు మిగిలాయి.

నెల తిరక్కముందే అది జరిగింది. చెల్లాయి ఒకరి ఫలితం ఇంకొకరి కాగితం మీద రాసింది. ఏ జబ్బూ లేని మనిషికి పెద్ద జబ్బుందని కబురు వెళ్లింది. రెండు రోజులకి వేరే ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేస్తే ఏమీ లేదని తేలింది, జబ్బున్న మనిషికి కూడా వేళ మించకముందే మందులు మొదలయ్యాయి. అదొక్కటే దయ. కానీ ఆ రెండు రోజులూ ఆ మొదటి ఇంట్లో ఎవరు ఏం తిన్నారో, ఎవరు ఎవరి మొహం చూడలేకపోయారో నాకు తెలియదు. అలాంటి ఇంట్లో నేను ఉన్నాను కాబట్టి ఊహించగలను.

విచారణ పొద్దున పదకొండింటికి అన్నారు. విభాగం పెద్దగా నేనూ ఉండాలి, చివర్లో సంతకం చెయ్యాలి. ఏం మాట్లాడాలో ముందురోజు సాయంత్రం ఇంట్లో అనుకున్నాను. 'చిన్నపిల్ల ఉంది సార్, కాస్త దయ చూడండి' అందామనుకున్నాను. అంతవరకే. ఆ తర్వాత యాప్ పెట్టుకుని పడుకున్నాను. ఆ రాత్రి కూడా నాకు నిద్ర పట్టింది. ఇప్పటికీ నేను అన్నిటికంటే సిగ్గుపడేది దానికే.

మేనేజరు చెడ్డవాడు కాదు. చెల్లాయికి మంచినీళ్లు తెప్పించి ఇచ్చాకే మొదలుపెట్టాడు.

"చూడమ్మా, నీ మీద నాకేం కక్ష లేదు. పని రెండింతలైంది, నిద్ర చాలట్లేదు, అందుకే తప్పు జరిగిందని సంజాయిషీలో రాశావు. మరి నీ ఫోనే ఇంకోలా చెబుతోందే?"

ఎవరి వివరాలు వారికేనని మొదట్లో అన్నారు. ఇప్పుడు ఆమె నాలుగు నెలల నిద్ర అంతా కాగితం మీద అచ్చై మా ముందుంది. తేదీ పక్కన తేదీ, ప్రతి తేదీ పక్కనా చిన్నగా నవ్వే ముఖం.

చెల్లాయి కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. స్లైడు చూసేటప్పటిలాగే, తొందర లేకుండా, ఒక్కొక్క వరసా చూసుకుంటూ వచ్చింది. ఒక చోట వేలు ఆగింది. ఆ తేదీ నాకూ గుర్తే. పాప జ్వరం రోజు.

ఆమె తలెత్తి నా వైపు చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకు. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. చెప్పాలని కోరుకున్నాను కూడా, నాకు ఆ పని తప్పుతుందని.

"నాకేం చెప్పాలో తెలియట్లేదు సార్," అంది, చూపు దించుకుని.

"సరే," అని మేనేజరు నిట్టూర్చి కాగితం నా వైపు జరిపాడు. కారణం అలసట కాదు, అజాగ్రత్త అని రాసి ఉంది. నేను సంతకం పెడితే ఆమె ఉద్యోగం పోతుంది. ఇకపై ఏ ల్యాబూ ఆమెను తీసుకోదు.

పెన్ను మూత పెట్టేశాను.

"ఆ ముఖాలు నొక్కింది నేను సార్."

"ఏంటీ?"

"అందరివీ నేనే నొక్కాను. ఫోన్లు నా దగ్గర ఉంటాయి, తాళాలు నాకు తెలుసు. ధ్యానం ఎవరూ చెయ్యలేదు. ఎలా నిద్రపోయారని నేను ఎవర్నీ అడగలేదు."

"మీరా? తమాషా కాదు కదా?"

"ఆ తేదీకి హాజరు రిజిస్టరు తెప్పించి చూడండి. ఆమె వచ్చింది పదింటికి. యాప్ మొదలైంది తొమ్మిదీ పదికి. ఎనిమిది మంది రోజూ ఒకే నిమిషంలో కళ్లు మూసుకుంటుంటే మీకు అనుమానం రాలేదా సార్?"

"క్రమశిక్షణ అనుకున్నానండీ," అన్నాడు మేనేజరు, నిజంగానే నొచ్చుకుంటూ.

చెల్లాయి ఉద్యోగం నిలిచింది, హెచ్చరికతో. నా పెద్దరికం పోయింది. కొత్తమనిషి వచ్చేదాకా కిటికీ దగ్గర ఉండి, తర్వాత పాత రికార్డుల గదికి వెళ్లాలి. రిటైరయ్యేదాకా అక్కడే. పంతులమ్మను తిరిగి పంపడం పరిశీలనలో ఉందట. ఆ ఇంటివాళ్లకు క్షమాపణ ఉత్తరం నేను రాస్తానంటే, ఆఫీసు రాస్తుందిలెండి అన్నారు.

ఆ రోజు బయటికొచ్చాక నడవలో చెల్లాయి ఆగింది.

"నాలుగోదే ఎందుకు నొక్కారు?"

"ఐదోదైతే నమ్మరని."

"పాప జ్వరం రోజు కూడానా!"

"ఆ రోజు కూడా."

"నన్ను అడిగుంటే ఏడ్చే ముఖం నొక్కేదాన్ని కదా," అంది. గొంతు పెంచలేదు. "ఎలా పడుకున్నావని ఇంట్లో నన్ను అడిగే దిక్కు లేదు. అదొక్కటే అడిగింది. దానికీ మీరే జవాబు చెప్పేశారు."

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. రేడియో కూడా ఫోను గట్టిగా ట్రేలో పడేసి, పాటైనా పాడకుండా లోపలికి వెళ్లేవాడు. ఐదో రోజు పొద్దున చెల్లాయి తన గడిలో ఫోను పెట్టి, చేతులు కడుక్కుని, తలుపు దగ్గర ఆగింది.

"తాళం మార్చాను."

"మంచి పని చేశావమ్మా."

"ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తొద్దు. అద్దం మీద తట్టండి, నేనే వచ్చి మాట్లాడతా." తొడుగులు వేళ్లకు ఎక్కించుకుంటూ, అటు తిరిగే, "గట్టిగా తట్టండి అన్నయ్యా, పనిలో ఉంటే నాకు వినపడదు," అంది.