ఒక బావ బరువు

రెండో చొక్కా మీద స్వెటరు తొడుక్కుని ఆయన అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఎదురుగా చూస్తే ఇంకా నిండైన మనిషే. పక్కనుంచి చూస్తేనే గుట్టు బయటపడుతోంది. పొట్ట ఉండాల్సిన చోట బట్ట ఉంది. మెడ చుట్టూ కాలరు వదులుగా వేలాడుతోంది. పై బొత్తాం కూడా పెట్టుకుని, గడ్డం కొంచెం దించి చూసుకున్నాడు. పరవాలేదనిపించింది.

“ఎండ మండిపోతుంటే స్వెటరేంటండీ?” అంది భార్య గుమ్మంలోంచి.

“షాపులో ఫ్యాను గాలి సూటిగా నా మీదే పడుతుంది.”

“ఆ ఫ్యానా! మా తమ్ముడు బతిమాలితేగానీ తిరగదు. చలి దానికేనేమో, మీకు కాదు.”

క్యారియరు చేతికిచ్చి, స్వెటరు అంచు కిందికి లాగి సర్దింది. ఆయన ప్యాంటు హుక్కుని ఆమె ఈమధ్య చాలాసార్లు జరిపి కుట్టింది. జరిపిన ప్రతిసారీ ‘పాడు గుడ్డ, ఉతుక్కి సాగిపోతోంది’ అనే అంది. పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పిన మాటని ఆయన ఇంటిదాకా తీసుకురాలేదు. ఆమె అడగలేదు. కాపురమంతా కూరగాయల సంచి దగ్గర్నుంచి అన్నీ సగం సగం మోసినవాళ్లు, దీన్ని మాత్రం ఎవరికి వాళ్లు పూర్తిగా మోస్తున్నారు.

ఆయన ఉద్యోగమంతా కూర్చునే గడిచింది. ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. పొద్దున్నుంచి ఎక్కుతూ దిగుతూ, సాయంత్రానికి బయలుదేరిన చోటికే చేరేవాడు. కొత్త లిఫ్టు వచ్చాక ఎవరి మీట వాళ్లే నొక్కుకోవడం మొదలుపెట్టారు. స్టూలు స్టోరుగదికి వెళ్లింది, ఆయన ఇంటికి వచ్చాడు. అప్పుడు పిలిచాడు బావమరిది, “ఖాళీగా ఎందుకు బావా, మా షాపులో కూర్చుందువుగాని” అని. మర్యాదకి అన్న మాట అది. ఆయన నిజంగానే వెళ్లి కూర్చున్నాడు. కూర్చోవడమే పని అయింది.

ఎత్తుగా, సుఖంగా తయారైన కార్లని ఎదురు డబ్బిచ్చి నేలకి దించుకునేవాళ్లు వస్తారు ఆ షాపుకి. కంపెనీ స్ప్రింగులూ షాకబ్జార్లూ ఊడదీసి, మరలున్న కొత్తవి బిగిస్తాడు బావమరిది. మర మీది రింగు తిప్పేకొద్దీ కారు కిందికి కూర్చుంటుంది. ఆపైన వెడల్పాటి చక్రాలు వేస్తాడు. చక్రం మడ్‌గార్డు అంచుతో సమంగా నిలబడాలి. లోపలికి పోతే పీలగా, బయటికొస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంతా చేస్తే, ఖాళీ కారు ఎప్పుడూ బుద్ధిమంతురాలే. వెనక సీటు నిండాకే దాని గుణం తెలిసేది. టైరు వెళ్లి అంచుని రాసుకుంటుంది. రాసుకుంటూ రాసుకుంటూ ఏదో ఒకరోజు రోడ్డు మధ్యలో చీరుకుపోతుంది.

అందుకే కారు ఇచ్చేముందు గతుకుల్లో తిప్పేటప్పుడు వెనక సీట్లో ఆయన కూర్చుని చప్పుడు వింటాడు. ఒకప్పుడు ఆయన ఎక్కితే కారు ఉస్సూరనేది. “ఒక బావ వేసి చూడండి” అనేవాళ్లు షాపులో. ఒక బావ అంటే ఇద్దరు మనుషులు. కొలబద్దల్ని నమ్మని పెయింటరు కూడా ఈ కొలతని నమ్మేవాడు.

ఆయన చేరేసరికి, కార్లని పైకెత్తే లిఫ్టు మీద ఒక తెల్లకారు ఉంది. దాని యజమాని లెక్కల ట్యూషన్లు చెప్పే యువకుడు. కారు చుట్టూ తిరుగుతూ గోళ్లు కొరుక్కుంటున్నాడు. గోడవారన, పోయినవారం పని చేసిచ్చిన కారునుంచి ఊడదీసిన టైరు ఉంది. పక్క అంచు పొడుగునా రబ్బరు కోసుకుపోయి, లోపలి నూలు కనిపిస్తోంది. ఆ కారుని కూడా ఆయన కూర్చునే పాస్ చేశాడు.

“స్ప్రింగుల కంపెనీవాణ్ణి ఉప్పుపాతరేస్తా!” అంటున్నాడు బావమరిది. “ఒక బావకి ఆగింది, ఆ మాత్రం సంసారానికి ఆగదా? ఇనుములోనే దొంగతనం చేశాడు వెధవ.”

ఆయన వెళ్లి స్టోరు మూల నిలబడ్డాడు. అక్కడ పాత వీల్ నట్ల డబ్బా ఉంది. ఎవరూ చూడకుండా గుప్పెళ్లతో తీసి స్వెటరు జేబుల్లో వేసుకున్నాడు. కొన్నాళ్లుగా ఇదే చేస్తున్నాడు. జేబులు బరువెక్కి, స్వెటరు భుజాల దగ్గర లాగింది.

కారు కిందికి దిగింది. బావమరిది టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. “ముద్దొస్తోంది కదండీ?” అన్నాడు, సొంత బిడ్డని చూపించినట్టు.

“బానే ఉంది. కానీ రేపు పొద్దున్నే మావాళ్లందర్నీ ఎక్కించుకుని హైవే మీద వెళ్లాలి. మా ఆవిడ, పిల్లలు, అత్తగారు. మా అత్తగారు కొంచెం... నిండుగా ఉంటారు.”

“ఎంత నిండుగా ఉంటే మాత్రం! మా బావకన్నానా?”

ట్యూషన్ల అబ్బాయి తిరిగి ఆయన్ని చూశాడు. మొదటిసారి చూస్తున్నవాడు కనుక ఉన్నదే చూశాడు. “ఈయనా? ఈయన సన్నగానే ఉన్నారు కదండీ.”

పెయింటరు పగలబడి నవ్వాడు. “బాబుకి కళ్లజోడు మార్చండ్రా!”

అందరితోపాటు నవ్వేస్తే సరిపోయేది. ఎక్కి కూర్చుని, ఏమీ తగల్లేదని చెప్పి, సాయంత్రం ఇంటికి పోవచ్చు. రేపూ రావచ్చు. ఈ సీటు పోతే తనకి కూర్చోవడానికి మిగిలేది మంచమే. ఆయన కారు తలుపు తెరిచాడు. వెనక సీట్లో పిల్లల బొమ్మ ఒకటి, చెవి నమిలిన కుందేలు, బెల్టు సందులో ఇరుక్కుని ఉంది.

తలుపు వేసేసి పనిబల్ల దగ్గరికి వచ్చాడు. జేబుల్లోంచి నట్లు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు.

“ఇవేంటి బావా?”

“నా ఒళ్లు.” ఆయన రెండో జేబు ఖాళీ చేశాడు. “కరిగిపోయింది బామ్మర్దీ. వీటితో కలిపినా చాలట్లేదు. పాపం ఆ స్ప్రింగులవాణ్ణి తిట్టకు. ఆ టైరు నావల్లే కోసుకుపోయింది.”

బావమరిది ఆ నట్లని పెద్దవొక పక్కకీ చిన్నవొక పక్కకీ ఏరడం మొదలుపెట్టాడు, ఇప్పుడా పని చేసితీరాలన్నట్టు.

“అక్కకి తెలుసా?”

“హుక్కులు కుడుతోంది.”

పెయింటరు ఫ్యాను ఆపి, ఎందుకు ఆపాడో తెలియక మళ్లీ వేశాడు.

బావమరిది ఏరిన నట్లని పక్కకి నెట్టాడు. “ఒళ్లు తగ్గింది సరే. చెవి తగ్గలేదుగా? పక్కన ఇల్లు కట్టేవాళ్ల దగ్గర ఇసక బస్తాలు పట్రండ్రా! బావా, నువ్వు కిటికీ పక్కన కూర్చో. ఈసారి బస్తాలు బరువుంటాయి, నువ్వు విను.”

గతుకుల వీధిలో తిప్పారు. తగిలితే ‘తగిలింది’ అనాలి. తగలకపోతే ఏమీ అనక్కర్లేదు. మొదటి గతుక్కే ఆయన “తగిలింది” అన్నాడు. రెండోదానికీ అన్నాడు. బట్ట చిరుగుతున్నట్టు సన్నగా వినిపిస్తున్న ఆ చప్పుడు ఆయనకి ఎంతో తృప్తిగా ఉంది. అబద్ధం లేని చప్పుడు.

వెనక్కి వచ్చి కారు మళ్లీ ఎత్తారు. చక్రాన్ని బయటికి నెట్టే స్పేసరు బిళ్ల తీసేశారు. రింగు తిప్పి కారుని కొంచెం పైకి లేపారు. పెయింటరు వేడిగాలితో రంగు మెత్తబరిచి, మడ్‌గార్డు అంచుని లోపలికి మడిచాడు. అందం కాస్త తగ్గిందని ట్యూషన్ల అబ్బాయి ముఖం ముడుచుకున్నాడు. “అత్తగారు కారు దిగాక పొగిడే అందం ఇదేనండీ” అన్నాడు బావమరిది.

మళ్లీ బయలుదేరారు. స్వెటరు విప్పేసి పక్కన బస్తాకి కప్పాడు ఆయన. కాళ్లకి కూడా గాలి తగలనిస్తే బాగుండుననిపించింది. చెప్పులు విడిచి, అరికాళ్లు చల్లటి రబ్బరు మ్యాటు మీద ఆనించాడు. ఎండ కిటికీలోంచి మోకాళ్ల మీద పడుతోంది. తల సీటుకి వాల్చాడు.

బావమరిది నడుపుతూ, అద్దంలోకి చూసే ధైర్యం లేక రోడ్డుకే చెప్పాడు. “రేపు ఆసుపత్రికి నేనే తీసుకెళ్తా. అక్కతో కూడా నేనే మాట్లాడతా. బరువు సంగతి వదిలెయ్. షాపులో నీకో మంచి కుర్చీ వేయిస్తా, చేతులున్నది. వింటున్నావా?”

పెద్ద గతుకు వచ్చింది. కారు మెత్తగా కుంగి లేచింది.

“తగిలిందా?”

వెనకనుంచి మాట లేదు.

“అదీ!” అన్నాడు బావమరిది, స్టీరింగు మీద అరచేత్తో తట్టి. వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ తిరిగి, అన్ని గతుకులూ ఏరి ఏరి ఎక్కించాడు. ఎక్కడా చప్పుడు లేదు. షాపు ముందు కారు ఆపి, దిగుతూనే ట్యూషన్ల అబ్బాయితో, “నిశ్చింతగా ఎక్కించుకోండి మీ అత్తగారిని. మా బావ ఒక్క మాటన్లేదు” అని వెనక తలుపు తెరిచాడు.

తర్వాత అందరూ కలిసి ఆయన్ని దించారు. తేలిగ్గానే వచ్చాడు. ఎవరో ఆయన భార్యకి ఫోను చేస్తున్నారు. ఎవరో బస్తాలు దించుతున్నారు. ట్యూషన్ల అబ్బాయి మాత్రం తెరిచిన తలుపు పట్టుకుని, మూయనా వద్దా అని నిలబడిపోయాడు. లోపల మ్యాటు మీద, మడమల దగ్గర అరిగిన తోలుచెప్పులు జంటగా ఉన్నాయి, దిగగానే తొడుక్కోవడానికి వీలుగా కొసలు తలుపువైపుకి తిప్పి.