ఒక గడి కిందికి

అన్నయ్య పోయాక చిన్నోడి చేతిలో సగం పాటే మిగిలింది. చిన్నోడంటే చిన్నవాడేం కాదు. జుట్టు నెరిసిపోయింది, కళ్ళద్దాల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసే మనిషి. అయినా అన్న పెద్దోడైతే తమ్ముడు చచ్చేదాకా చిన్నోడే కదా.

అన్నదమ్ములిద్దరూ రెండు గిటార్లతో ఆ పాట వాయించేవాళ్ళు. మాటల్లేని పాట, వదిన కోసం అన్నయ్యే కట్టాడు. పైస్వరం ఆయనది, కిందిస్వరం వీడిది. రికార్డు చేసి పెట్టుకుందామన్న బుద్ధి ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు, మహానుభావులు. ఇప్పుడు చిన్నోడు తన గదిలో ఒక్కడే కూర్చుని తన ముక్క వాయిస్తే, పక్కింట్లో ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే ఒకవైపు మాటలే విన్నట్టుండేది.

"ఆ పాట ఇంకొక్కసారి వినాలనుందిరా చిన్నోడా," అంది వదిన ఒకరోజు, వాడు వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటుంటే. "మర్చిపోతున్నాను. నిన్న అంట్లు తోముతూ గుర్తు చేసుకుందామనుకుంటే సగంలో జారిపోయింది."

ఆమె కూడా మర్చిపోతే ఇక ఆ పాట ఎక్కడా ఉండదు. ఆ ఆలోచనతో వాడికి అన్నం సహించలేదు. అన్నయ్య పైన ఏం వాయించేవాడో వాడు ఏనాడూ పట్టించుకుని వినలేదు. తన వేళ్ళు చూసుకోడానికే సరిపోయేది.

సిగ్గు విడిచి, కూతురి వయసున్న గిటారు టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు. వాడి ముక్క విని ఆవిడ నవ్వింది. "మీ అన్నగారు దీన్ని సిక్స్త్స్‌లో కట్టారు సార్. మీ స్వరాన్ని ఒకటి అనుకుని పైకి లెక్కపెట్టండి, ఆరోది ఆయనది. పాట ఎక్కడికీ పోలేదు, మీ దగ్గరే ఉంది."

ఆ మాటతో వాడికి ప్రాణం లేచొచ్చింది. నేర్చుకోవడం మాత్రం అంత తేలిగ్గా ఏమీ లేదు. రెండు స్వరాలూ ఒక్క గిటారు మీదే పలకాలి. మూడో తీగ మీద తన స్వరం, ఒకటో తీగ మీద అన్నయ్య స్వరం, మధ్యలో ఉన్న రెండో తీగ నోరెత్తకూడదు. మూడో తీగ నొక్కిన వేలే కాస్త వాలి దాన్ని తాకుతుండాలి. అది తగుదునమ్మా అని ప్రతిసారీ మోగేది. పైగా ఆ జోడీ కొన్నిచోట్ల గిటారు మెడ మీద ఒకే గడిలో నిటారుగా, కొన్నిచోట్ల పక్కగడిలోకి ఏటవాలుగా. వాడికి తల ప్రాణం తోకకొచ్చింది. షాపు నుంచి వచ్చి చొక్కా అయినా మార్చకుండా గిటారు పట్టుకునేవాడు. మొదటి వరస కుదిరిన సాయంత్రం, "అన్నయ్యా, దొరికావు," అని పైకే అనేశాడు. గదిలో పలికే దిక్కు లేదు.

చివరి వరసలో టీచరమ్మ ఆపింది. "ఇక్కడ ఒక గడి ఎక్కువ దిగిపోతున్నారు సార్. ఇది తప్పు స్వరం."

వాడికి ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళూ ఇలాగే వాయించానమ్మా. మా అన్నయ్య ఒక్కనాడూ తప్పనలేదు."

ఆవిడ సరైనది వాయించి వినిపించింది. విన్నాక ఇంకేం వాదిస్తాడు, నోరు మూసుకుని దిద్దుకున్నాడు.

ఆదివారం వదిన వంటగదిలో స్టూలు మీద కూర్చుని వాయించాడు. ఆమె స్టవ్ కట్టేసి, కళ్ళు మూసుకుని విన్నది. ముఖంలోకి నవ్వు వచ్చింది. చివరి వరస దగ్గర ఆ నవ్వు పోయింది.

"అలా కాదురా. అక్కడ ఇంకా కిందికి దిగాలి."

"అది నా తప్పట వదినా. టీచరమ్మ దిద్దింది."

"తప్పని ఆయనకీ తెలుసు," అంది వదిన. "మొదట్నుంచీ నువ్వు అక్కడ జారిపోతావు. 'వాడికి చెప్పొచ్చుగా' అన్నాను. 'చెప్తే ఇక వాడు భయపడుతూ వాయిస్తాడు, నేనే దిగుతాలే' అన్నాడు. నీతోపాటు తనూ దిగేవాడు. నేను విన్న పాట అదే."

అన్నయ్యతో సరిసమానంగా వాయించేవాణ్ణని షాపులో చిన్నోడు ఎంతమందికి గొప్పలు చెప్పుకున్నాడో.

మళ్ళీ మొదలుపెట్టాడు. చివరి వరసలో, దిద్దుకున్న వేళ్ళు సరైన గడి మీదికే పోబోతుంటే, కావాలని కిందికి లాగాడు. రెండు స్వరాలూ కలిసి దిగాయి.

"ఆఁ, ఇదే," అంది వదిన.

పక్కన కూర్చుని అన్నయ్య మోగించినన్నాళ్ళూ ఆ స్వరాన్ని వాడు వినలేదు. ఇప్పుడు తన వేలి కిందే మోగుతుంటే విని, గిటారు మీదికి వంగి వెక్కి వెక్కి ఏడ్చాడు.