దేవుడి పాలు

ఆంజనేయప్రసాద్ పూజామందిరం కింది అరలో ఒక స్టీలు డబ్బా ఉండేది. అందులో ఏమున్నదో ఆయనకు తెలుసు. తెరిచి మాత్రం ఏడాదిన్నరగా చూడలేదు. భార్య ఛాయాదేవి స్వహస్తాలతో మూసిన మూత అది. ఆమె చీరలను కూతురు త్రివేణి ఎవరెవరికో పంచిపెట్టింది. కళ్ళజోడు ఎటు పోయిందో తెలియదు. ఈ డబ్బాను మాత్రం ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. రోజూ దీపం కొండెక్కాక మూత అంచున ముఖం ఆనిస్తే సన్నగా లవంగాల వాసన తగిలేది. తెరిస్తే ఆ కాస్తా గాలిలో కలిసిపోతుందేమోనని భయం.

అమెరికాలో తామంతా ఉంటున్న నోవై ఊరి గుడికి ఒక ఆదివారం దంతవైద్యురాలు కృష్ణవేణి వచ్చి, పంటికి ఆపద వస్తే ఏమి చేయాలో చెప్పిన నాటి డబ్బా అది. ఆ ఉపన్యాసం సాగినంతసేపూ ఆయన స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. ఛాయాదేవి పొల్లుపోకుండా రాసుకుని, ఇంటికి రాగానే శుభ్రమైన గుడ్డ, మూత బిగిసే చిన్న సీసా, గుప్పెడు లవంగాలు, ఒక చీటీ అందులో సర్దింది.

“పన్ను కదలకముందే ఈ సన్నాహమేమిటే? నీ ముందుచూపు చూస్తే యముడైనా అపాయింట్‌మెంట్ తీసుకుని రావలసిందే!”

“ఇల్లు అంటుకున్నాక బావి తవ్వుతారా ఏం? అయినా ఇది మీకోసం కాదులెండి. మీకు ఊడడానికి మిగిలినవెన్ని గనక!”

యముడు అపాయింట్‌మెంట్ తీసుకోలేదు. ఆ శ్రావణంలో, ఆమె తులసికుండీకి నీళ్ళు పోస్తుండగా వచ్చి తీసుకువెళ్ళాడు.

ఆమె పోయిన ఏడాదిన్నరకు, అది మాఘ సోమవారం. రెండు రోజులుగా కురిసిన మంచుకు బడి మూసేశారు. త్రివేణి, అల్లుడు రఘువీర్ ఎలాగో ఆఫీసులకు వెళ్ళారు. ఇంట్లో పాలు నిండుకున్నాయి. మిగిలిన గ్లాసెడు పాలనూ ఆంజనేయప్రసాద్ వెండిగిన్నెలో పోసి, శివాభిషేకానికి ఎత్తిపెట్టి, సంకల్పం చెప్పుకుని కూర్చున్నాడు. అంతలో పదకొండేళ్ళ మనవరాలు ఉజ్వల, ముంగిట మంచుమీద ఆడుతున్న పిల్ల, నోటినిండా నెత్తురుతో లోపలికి వచ్చింది. గుప్పిట్లో ముందుపన్ను.

“తాతయ్యా, నేను స్లిప్ అయింది... టూత్ వచ్చేసింది!”

ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

“నాన్నా, ఈ స్నోలో నేను వచ్చేసరికి గంట దాటుతుంది. పక్కింటి శశికళకి కాల్ చేస్తా, డ్రైవ్ చేస్తుంది. పన్ను పారేయకండి! అమ్మ డబ్బా ఉందిగా, తియ్యండి.”

డబ్బా మీద చెయ్యి వేసి ఆయన ఒక్క క్షణం ఆగాడు. బిడ్డ వెక్కిళ్ళు వినబడుతున్నాయి. మూత తీశాడు. లవంగాల వాసన గుప్పున లేచి, చల్లగా చెదిరిపోయింది.

గుడ్డను మడిచి, నెత్తురు ఆగేలా పిల్ల పళ్ళ మధ్య పెట్టి చీటీ విప్పాడు. ఛాయాదేవి గుండ్రని చేతివ్రాత.

“పాలపన్నైతే తిరిగి పెట్టరట. పెద్దపన్నైతే తెల్లని భాగమే పట్టుకోవాలి. వేరు ముట్టవద్దు, రుద్దవద్దు. చల్లని పాలలో వేసి గంటలోగా డాక్టరుగారి దగ్గరకు.”

ఫ్రిజ్‌లో ఖాళీ పాలడబ్బా వెక్కిరించింది. ఆయన వెండిగిన్నె వైపు చూశాడు. సంకల్పం చెప్పిన పాలు. స్వామికి అని నోరారా అన్న పాలు. ఇందులో నెత్తుటి పన్నా? డెబ్బయ్యేళ్ళలో అటువంటి పని ఎన్నడూ చేయలేదు. నీళ్ళు చాలవా అని చీటీ తిరగేశాడు.

“నీళ్ళు వద్దు. ఇంట్లో అభిషేకం పాలు తప్ప లేకపోతే అవే పోయండి. మీరు ఆలోచిస్తూ నిలబడిపోతారని నాకు తెలుసు. స్వామికి నేను చెప్పుకుంటాను.”

ఆయన నిజంగానే నిలబడి ఉన్నాడు. కళ్ళు మసకబారగా, సీసాలోకి పాలు వంచి, పన్నును జారవిడిచాడు.

శశికళ కారులో సీసాను రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

“అంకుల్, ముందు సీట్‌బెల్ట్ పెట్టుకోండి. ఆ బాటిల్‌ని నేనేం లాక్కోను!” అంది శశికళ.

వెనకనుంచి ఉజ్వల గుడ్డ తీసి అడిగింది: “తాతయ్యా, ఆ మిల్క్ దేవుడిది కదా? ఆయనకి కోపం వస్తుందా?”

“మీ అమ్మమ్మ మాట్లాడుతుందిలే. నువ్వు గుడ్డ తీయకు.”

ఆసుపత్రిలో డాక్టరు కృష్ణవేణి పన్నును చిగుట్లో నిలిపి, పక్కపళ్ళకు సన్నని తీగతో కట్టింది.

“నలభై నిమిషాల్లో తెచ్చారు, అదీ పాలలో! నిలుస్తుందో లేదో కొన్ని వారాలు చూడాలి. కానీ ఇంత ప్రిపేర్డ్‌గా ఎవరూ రారు సార్.”

“నేను కాదమ్మా,” అన్నాడాయన.

ఆ సాయంకాలం శివుడికి నీళ్ళతోనే అభిషేకం జరిగింది. సీసా కడిగి ఆరబెట్టి, కొత్త గుడ్డ మడిచి, వంటింట్లోంచి లవంగాలు తెచ్చి పోసి, చీటీని పైన ఉంచి ఆంజనేయప్రసాద్ డబ్బా మూశాడు. అలవాటుగా మూత అంచున ముఖం ఆనించాడు. లవంగాల వాసనే. కాని అది వంటింటిది.

“ఏమోయ్,” అన్నాడు మెల్లగా, “చెప్పావా?”

దీపం కొండెక్కేదాకా అక్కడే కూర్చున్నాడు.